గరిక పట్టిన జాగా

మా ఆయన గల్ఫ్ నుంచి ఇక తిరిగి వెళ్ళేది లేదని ఇంటికి వచ్చేశాక మొదటి నెల బాగానే గడిచింది. చుట్టాలు వచ్చి చూసి పోయారు. తెచ్చిన సబ్బులు, సెంటు సీసాలు, ఖర్జూరాలు పంచడం అయిపోయింది. ఆ తర్వాత ఆయనకు ఏం చేయాలో తోచలేదు. అక్కడి అలవాటు పోక తెల్లవారకముందే లేచేవాడు. స్నానం చేసి, ప్యాంటు చొక్కా వేసుకుని, ముందు గదిలో కుర్చీలో కూర్చునేవాడు. డ్యూటీ బస్సు కోసం చూస్తున్న మనిషిలా ఉండేవాడు. చాయ్ ఇస్తే తాగేవాడు. ఏమైనా అడిగితే జవాబు చెప్పేవాడు. అంతే.

నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. మా ఇల్లు కరీంనగర్‌లో, హుజూరాబాద్ వెళ్ళే రోడ్డు వైపు పెరిగిన కాలనీల్లో ఒకదానిలో ఉంది. ఆయన లేని ఇన్నేళ్ళలో నాకూ మా అమ్మాయికీ ఒక పద్ధతి కుదిరిపోయింది. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు వండాలో, టీవీ ఎప్పుడు పెట్టాలో అన్నీ మా ఇద్దరికీ సరిపోయేట్టు ఉండేవి. అందులో ఆయనకు చోటు ఎక్కడో మాకూ తెలియలేదు, ఆయనకూ తెలియలేదు. కొలతలకు ఆడవాళ్ళు వస్తే ఆయన లేచి బయటికి వెళ్ళి అరుగు మీద నిలబడేవాడు. అరుగుకు ఎదురుగానే ఆ జాగా.

ప్లాట్లు చేసినప్పుడు పార్కు కోసమని వదిలిన జాగా అది. నాలుగైదు ఇండ్లు పట్టేంత ఉంటుంది. పార్కన్నది పేరుకే. సర్కారు తుమ్మ మనిషెత్తు పెరిగింది. ఇల్లు కట్టిన ప్రతివాళ్ళూ మిగిలిన ఇటుక ముక్కలు, సిమెంటు గడ్డలు అందులోనే పోశారు. ఫంక్షన్ అయిందంటే విస్తరాకులు, ప్లాస్టిక్ గ్లాసులు అందులోకే. చెత్త బండి రోజూ వచ్చినా, చేతిలో కవరు ఉన్నవాళ్ళకు ఆ తుమ్మ కనబడగానే చెయ్యి లేచేది. నేనూ అందరిలాగే విసిరేదాన్ని. వెనక గోడ పక్కన ఒక మూల మాత్రం శుభ్రంగా ఉండేది. అక్కడ ఒక పెద్దమ్మ బర్రెలను కట్టేసుకునేది. మా కాలనీలో సగం ఇండ్లకు పాలు పోసేది ఆమే.

చలికాలం మొదట్లో ఒకరోజు పొద్దున లేచేసరికి ఆయన కుర్చీలో లేడు. బయట ఏదో నరుకుతున్న చప్పుడు. అరుగు మీదికి వచ్చి చూస్తే, ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, తలకు తువాల చుట్టుకుని, గొడ్డలితో తుమ్మ మొదళ్ళు కొడుతున్నాడు.

"ఏం జేస్తున్నవయ్యా?"

"ఏం లేదు. ఊకె కూసుంటె కాళ్ళు వట్టుకపోతున్నయి."

ఎండ ఎక్కేదాకా కొట్టి, ఇంటికి వచ్చి, చేతులకు దిగిన ముండ్లు తీసుకుని అన్నం అడిగాడు. వచ్చిన తర్వాత ఆయన నోరు తెరిచి అన్నం అడగడం అదే మొదలు. మర్నాడూ వెళ్ళాడు. ఆ తర్వాత రోజూ వెళ్ళాడు. కొట్టిన తుమ్మను కట్టలు కట్టి రోడ్డు పక్కన పెడితే, పొయ్యిలోకి కావాలన్నవాళ్ళు ఎత్తుకుపోయేవాళ్ళు. ఇటుక ముక్కలు ఒక పక్క, గాజు పెంకులు ఒక పక్క కుప్పలు పోశాడు.

అలా ఒక వరుస శుభ్రమయ్యేసరికి కాలనీలో గుసగుసలు మొదలయ్యాయి. ఒక ఆదివారం పొద్దున కొందరు మగవాళ్ళు జాగా దగ్గరికి వచ్చి నిలబడ్డారు. వాళ్ళకు ముందు మా సందు మొదట్లో పైపులు, నల్లాలు అమ్మే దుకాణం భాయ్ ఉన్నాడు. పెద్ద మనిషి. నెమ్మదిగా మాట్లాడతాడు. ఎవరింట్లో మోటారు కాలినా, పైపు పగిలినా ముందు ఆయన దగ్గరికే పోతాం.

"తమ్మీ, గీ జాగ ఎవలిదో ఎరికేనా?" అని అడిగాడు భాయ్.

"అందరిది," అన్నాడు మా ఆయన.

"అందరిదైతె నువ్వొక్కనివే ఎందుకు సాఫ్ జేస్తున్నవ్?"

మా ఆయన గొడ్డలి కింద పెట్టి చేతులు తుడుచుకున్నాడు. వెనక నుంచి ఎవరో, "దుబాయి పైసలున్నయ్ గదా, మెల్లగ కబ్జా వెడుతుండు," అన్నారు. అరుగు మీద నిలబడ్డ నాకు ఆ మాట వినబడింది. చేతిలో కత్తెర ఉన్న సంగతి కూడా మరిచి కిందికి దిగాను.

"కబ్జా వెట్టెటోడు గొడ్డలి వట్టుకొని రాడు భాయ్. కడీలు వట్టుకొని వస్తడు. ఒక్క కడీ పాతిండా చూడుండ్రి. పొద్దుగాల లేసి మీ ఇండ్ల ముంగటి కంప కొట్టుడు గూడ తప్పేనా?"

కడీలంటే హద్దుకు పాతే రాతి స్తంభాలు. ఎక్కడ ఖాళీ జాగా కనబడినా ముందు పాతేవి అవే గనుక ఎవరో నవ్వారు. భాయ్ నా చేతిలో కత్తెర చూసి రెండడుగులు వెనక్కి వేసి, "చెల్లె, ముందు గది లోపట వెట్టిరా. మాట్లాడుకుందాం," అన్నాడు. భాయ్‌కూ నవ్వొచ్చింది.

"నీకేం గావాలె తమ్మీ ఈడ? దిల్ ల ఏమున్నదో చెప్పు," అని మళ్ళీ అడిగాడు.

"గడ్డి ఎయ్యాలె," అన్నాడు మా ఆయన.

ఆ మాటతో గొడవ చల్లబడింది. గడ్డి వేస్తానన్న మనిషిని ఎవరేమంటారు? భాయ్ మరో ఇద్దరిని వెంటబెట్టుకుని కార్పొరేషన్ ఆఫీసుకు వెళ్ళి మాట్లాడి వచ్చాడు. పార్కు జాగాలో చెట్లు పెట్టుకోవడానికి అభ్యంతరమేమీ లేదన్నారు. ఒక జేసీబీ, ట్రాక్టరు పంపి శిథిలాలు ఎత్తించారు. తుమ్మ వేర్లతో సహా లేచిపోయి, ఎర్రమట్టి బయటపడి, జాగా ఒక్కసారిగా పెద్దదైపోయినట్టు కనిపించింది. భాయ్ తన దుకాణంలోంచి పాత పైపులు తెచ్చి మా బోరు నుంచి జాగాదాకా లైను వేశాడు. కాలనీ వాళ్ళు తలా కొంత పని చేసి చుట్టూ ముళ్ళకంచె కట్టారు. వేప, కానుగ మొక్కలు పెట్టారు. నడుమ మాత్రం మా ఆయన ఇష్టం. గల్ఫ్‌లో ఆయన చేసింది ఒక పార్కులో గడ్డి పెంచే పనే. నర్సరీ నుంచి చాపల్లా చుట్టి తెచ్చే గడ్డి తెప్పించి, ఒకదాని పక్కన ఒకటి పరిచాడు. సుతిలి దారం కట్టి, అంచులు సరిచూసి, మోకాళ్ళ మీద పాకుతూ పరిచాడు. సాయంత్రానికి కాలనీ పిల్లలంతా కంచె బయట నిలబడి చూస్తున్నారు. అంత పచ్చదనం మా సందు ఎప్పుడూ చూడలేదు.

ఆ పచ్చదనాన్ని బర్రెలు కూడా చూశాయి. పెద్దమ్మ మూల కంచెకు అవతలే ఉండేది. ఒక పొద్దున లేచేసరికి రెండు బర్రెలు కంచె తొక్కుకుని వచ్చి గడ్డి చాపలు లేపి లేపి తింటున్నాయి. వేప మొక్కలు రెండు విరిగిపోయాయి. నాకు ఒళ్ళు మండింది. మా ఆయన పాకుతూ పరిచింది నేను చూశాను కదా.

"పెద్దమ్మా, నీ బర్లను కట్టేసుకోవా? గీ కష్టమంత నీకు కనవడ్తలేదా?" అని కంచె ఇవతల నుంచే అరిచాను.

ఆమె పాలు పిండుతోంది. పిండడం ఆపకుండానే జవాబిచ్చింది.

"కనవడ్తుంది బిడ్డా. మీ ఇండ్లు లేనప్పుడు గిదంత మక్కచేను. గీడనే కలుపు తీసిన, గీడనే కంకులు ఇరిసిన. చేన్లు వొయ్యి ప్లాట్లాయె. గీ మూల ఒక్కటి మిగిలె. మీ పిల్లలకు ఆడుకునేటందుకు జాగ గావాలె. నా బర్లకు నిలవడేటందుకు జాగ గావాలె. ఎవలిది పెద్ద అవుసరమో నువ్వే చెప్పు."

చెప్పలేకపోయిన కోపం కూడా ఆమె మీదికే పోయింది. "నీ పాలు మాకద్దు," అనేసి వచ్చాను. మర్నాటి నుంచి ప్యాకెట్ పాలు తెప్పించాను. ఆ పాలతో చాయ్ పలచగా ఉండేది. మా ఆయన ఒక్కసారి కూడా బర్రెల మీద కోప్పడలేదు. "బర్రెకు గడ్డి కనవడితె తినదా? అది దాని పని," అని మళ్ళీ చాపలు సర్దుకున్నాడు. భాయ్ దుకాణం దగ్గర కూర్చుని కాలనీ వాళ్ళు మాట్లాడుకున్నప్పుడు, వెనక మూల ఆమెకే వదిలేసి కంచె ఉన్నచోటే గట్టిగా కడదామని చెప్పింది కూడా ఆయనే. ఎవరూ ఒప్పుకోలేదు. దోమలన్నారు, వాసనన్నారు. వానాకాలం దాకా గడువిచ్చి, ఆలోపు ఆమెకు వేరే చోటు చూపిద్దామన్నారు. ఆ మాట ఆమెకు చెప్పే పని భాయ్ మీద పడింది. ఆయన వెళ్ళి చెప్పి వచ్చి, ఆ రోజంతా దుకాణంలో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

ఎండాకాలం ఆ ఏడు ముందే వచ్చింది. గడ్డికి రెండు పూటలా నీళ్ళు కావాలి. మొదట పొద్దునా సాయంత్రం పెట్టేవాడు. తర్వాత సాయంత్రం ఒక్కపూటే. ఒక రోజు మోటారు వేస్తే నీళ్ళు రాలేదు, గాలి వచ్చింది. మా ఇంట్లోకే బిందెలతో తెచ్చుకునే పరిస్థితి వచ్చాక ఆయనే పైపు విప్పి చుట్టిపెట్టాడు. గడ్డి ముందు అంచుల్లో పసుపు పచ్చగా మారింది. తర్వాత నడుమ. రోహిణి కార్తె వచ్చేసరికి కాళ్ళ కింద గరగరమనే చాప మాత్రం మిగిలింది. ఒక ఇంటి నుంచి చెత్త కవరు ఒకటి మళ్ళీ కంచె దాటి వచ్చి పడింది.

ఒక సాయంత్రం పొద్దు వాలుతుండగా ఆయన అక్కడే నిలబడి ఉన్నాడు. చాయ్ తీసుకుని వెళ్ళాను. వంగి ఒక గడ్డి ముక్క లేపితే వేళ్ళతో సహా చేతిలోకి వచ్చేసింది.

"ఎడారిల పెంచిన గడ్డి," అన్నాడు. "మన ఊర్లె పెంచరాకపాయె."

"ఆడ సముద్రం నీళ్ళు మంచిగజేసి పోస్తరంటివి. మనకు యాడియి?"

ఆయన చాయ్ తాగి గ్లాసు చేతిలోనే పట్టుకున్నాడు. తర్వాత తనంతట తానే మాట్లాడాడు. వచ్చిన తర్వాత అక్కడి సంగతి ఆయన అంతసేపు చెప్పడం అదే మొదలు.

"శుక్రారం వచ్చిందంటె గా పార్కు నిండిపోతుండె. చాపలేసుకొని, బువ్వలు దెచ్చుకొని, పిల్లలు దొర్లుకుంట. మేం పైపులు చుట్టి చెట్ల ఎనుకకు వోయి నిలవడ్తుంటిమి. వాళ్ళు లేసి పోయినంక కాయితాలు, సీసాలు ఏరుతుంటిమి."

"నువ్వెన్నడు కూసోలేదా?"

"డ్యూటీ బట్టలతోని కూసోనియ్యరు. డ్యూటీ అయినంక బస్సెక్కి రూముకు వోవాలె."

"మరి నాకు ఫోటో పంపితివి గదా, గడ్డి మీద ఉన్నది?"

"అండ్ల నిలవడ్డ. కూసోలే."

ఆ ఫోటో నాకు బాగా గుర్తుంది. నీలం చొక్కా, వెనకంతా పచ్చగా. మా ఆయన పెద్ద తోటలో పనిచేస్తాడని కొలతలకు వచ్చిన ప్రతివాళ్ళకూ చూపించేదాన్ని. బోథ్ దగ్గర మా పుట్టింటికి వెళ్ళినప్పుడు మా అవ్వకు చూపిస్తే, "నీడపట్టున ఉన్నడు బిడ్డా, మన పత్తి చేన్లకంటె నయం," అంది. ఆయన నిలబడి ఉన్నాడని మేమెవరం గమనించలేదు. గమనించినా ఏమనుకునేవాళ్ళం? నిలబడి ఫోటో దిగాడనుకునేవాళ్ళం. ఆ సాయంత్రం ఖాళీ గ్లాసు ఆయన చేతిలోంచి తీసుకుని, కాసేపు పక్కన నిలబడి వచ్చేశాను.

మృగశిర ఇంకా రానేలేదు, ఒక పొద్దున వెనక మూల ఖాళీగా కనిపించింది. బర్రెలు లేవు. గుంజలు పీకిన గుంతలున్నాయి. నీళ్ళ తొట్టి కూడా పెద్దమ్మ ఎత్తుకుపోయింది. నేల చిమ్మి పోయింది. ఇచ్చిన గడువు ఇంకా ఉండగానే, ఎవరూ చోటు చూపించకముందే, కాలువ అవతల తన తమ్ముడి మెట్ట చెలక ఉంటే అక్కడికి తోలుకుపోయిందని భాయ్ చెప్పాడు. ఆ నెలంతా కాలనీలో చాలా ఇండ్లు ప్యాకెట్ పాలకు మారాయి. అందరూ చాయ్ గురించి సణిగారు. ఆమె గురించి ఎవరూ మాట్లాడలేదు. చిమ్మిన ఆ నేల చూసినప్పుడల్లా ఎవలిది పెద్ద అవుసరమని ఆమె అడిగింది నాకు గుర్తొచ్చేది.

వానలు పడ్డాయి. మా ఆయన ఈసారి నర్సరీకి పోలేదు. ఎండిన చాపలన్నీ లేపి ఒక మూల కుప్ప వేసి, నేల చదును చేసి, కంచెను వెనక గోడదాకా జరిపి ఊరుకున్నాడు. రెండు మూడు మంచి వానల తర్వాత, బర్రెలు కట్టిన మూలలో గరిక లేచింది. ఎవరూ నాటలేదు. ఏళ్ళ తరబడి పేడ, మూత్రం తిన్న నేల కదా, ఒత్తుగా, నల్లపచ్చగా పట్టింది. అక్కడి నుంచి కాళ్ళు చాపుకుంటూ నడుముకు పాకింది. ఆయన అందులోంచి పోచలు తీసి ఖాళీలున్నచోట గుచ్చాడు. గరికకు సుతిలి దారం అక్కర్లేదు. తనకు తోచినట్టు పోతుంది. కానుగ మొక్కలు నిలదొక్కుకున్నాయి. భాయ్ రెండు సిమెంటు బల్లలు వేయించాడు. సాయంత్రం ఆయనతో పాటు ఆయన భార్య కూడా వచ్చి కూర్చునేది. ఎన్నేళ్ళుగా ఒకే సందులో ఉన్నా నేను ఆమెతో నిలబడి మాట్లాడింది లేదు. ఒక రోజు ఆమే పలకరించి, షేర్వానీలు తప్ప అన్నీ కుట్టడం వచ్చని చెప్పింది. అప్పటి నుంచి పండుగ గిరాకీ ఎక్కువైనప్పుడు చేతిపని ఆమెకు ఇస్తున్నాను.

మా ఆయన గడ్డి మీద కూర్చున్న రోజు ప్రత్యేకంగా ఏమీ లేదు. వాన వెలిసిన సాయంత్రం. మా అమ్మాయి పుస్తకం పట్టుకుని వెళ్ళి, "బాపు, ఇక్కడ జర జరుగు," అని చెయ్యి పట్టి లాగింది. ఆయన ముందు మోకాళ్ళ మీద వంగి, అరచేత్తో తడి ఉందేమో చూసి, కూర్చున్నాడు. కాళ్ళు చాపడానికి ఇంకా కాసేపు పట్టింది. నేను అరుగు మీద నుంచి చూస్తూ జాకెట్‌కు హుక్కులు కుడుతున్నాను. ఫోటో తీద్దామా అనుకున్నాను. తీయలేదు.

ఆ ఏడు బతుకమ్మ మా సందు ఆడవాళ్ళం అక్కడే ఆడాం. అంతకుముందు రోడ్డు మీద ఆడేవాళ్ళం. బండి వచ్చినప్పుడల్లా పాట ఆపి పక్కకు జరగాల్సి వచ్చేది. ఈసారి ఎవరూ జరగమనలేదు. పక్క కాలనీ వాళ్ళు కూడా తమ బతుకమ్మలు తెచ్చి మా వాటి పక్కన పెట్టారు.

వానాకాలం గరిక వారానికే జానెడు ఎత్తు వస్తుంది. మా ఆయన కొడవలితో కోసి కుప్పలు వేసేవాడు. ఆ కుప్పలు కుళ్ళిపోతుంటే నాకు పెద్దమ్మ గుర్తొచ్చింది. ఒకరోజు ఒక మోపు కట్టి, ఆయన బండి మీద పెట్టుకుని ఇద్దరం కాలువ అవతలికి వెళ్ళాం. ఆమె రేకుల షెడ్డు ముందు కూర్చుని ఉంది. రమ్మనలేదు. మోపు దించితే, "పైసలెంత?" అని అడిగింది.

"పైసలేంది పెద్దమ్మా? ఊకెనే తెచ్చినం."

"ఊకె ఇచ్చింది నాకద్దు. ఎత్తుకపో."

ఎత్తుకుపోలేదు. అక్కడే వదిలేసి వచ్చాం. దారిలో మా ఆయన, "బర్లు తింటయి తియ్యి. వాటికి పంతం ఉండదు," అన్నాడు.

తర్వాత కొన్నాళ్ళకు, ఒక పొద్దున మిషన్ మీద ఉండగా బయట మాటలు వినిపించాయి. పెద్దమ్మ గొంతు. జాగా కంచెకు పెట్టిన గేటు బయట నిలబడి ఉంది. చేతిలో కొడవలి, భుజం మీద గోనె పట్టా.

"చెప్పులు ఇప్పాల్నా?" అని అడుగుతోంది మా ఆయనను.

"ఇదేమన్న గుడా పెద్దమ్మా? ఒద్దు. రా."

అయినా ఆమె చెప్పులు గేటు దగ్గరే విప్పి లోపలికి వచ్చింది. తిన్నగా తన మూలకు నడిచింది. అక్కడ వంగి గరిక పిడికెడు పట్టుకుని చూసింది. ఏమంటుందోనని నేను అరుగు దిగి వచ్చాను. నన్ను చూసి, "ఏం బిడ్డా, మంచిగున్నవా?" అంది, నిన్న కనబడిన మనిషిని అడిగినట్టు.

"మంచిగనే ఉన్న. పాలు పోస్తవా పెద్దమ్మా మల్ల?"

"కాలువ దాటి గింత దూరం రావాలె. గడ్డి ఇస్తె వస్త. ఊకెగాదు. గడ్డి మీది, పాలు నాయి. లెక్క అక్కడికక్కడ్నే."

"సరే," అన్నాను.

ఆమె కూర్చుని కోయడం మొదలుపెట్టింది. కాసేపటికే ఆయన కోసిన వరుస దగ్గర ఆగి తల ఎత్తింది.

"గిదెవలు కోసిండ్రు?"

"నేనే," అన్నాడు మా ఆయన.

"నేలకు కొడవలి ఆనిచ్చి కోసినవ్. గట్ల గోస్తె మల్ల మొలుస్తదా? రెండు వేళ్ళ మందం ఇడిసిపెట్టాలె. ఇటు రా, చూడు."

ఆయన వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాడు. "కార్పెట్ గడ్డి అయితే గట్లనే కోస్తరు పెద్దమ్మా," అన్నాడు.

"అయితే గా కార్పెటేదీ? చూపియ్యి," అంది ఆమె.

ఆయన నవ్వాడు. ఇప్పటికీ కోత విషయంలో ఇద్దరికీ కుదరదు. ఆయన వైపు ఒక ఎత్తులో, ఆమె వైపు ఒక ఎత్తులో గడ్డి ఉంటుంది. పాలు మాత్రం పొద్దున్నే వస్తున్నాయి.